దిమ్మ మీద గడ్డి

మా స్వామిని ఎవరు ఏ ప్రశ్న అడిగినా ముందు "తిన్నావా నాయనా?" అనేవారు. తిన్నానంటే కూర్చోమనేవారు, తినలేదంటే వంటింటి వైపు చెయ్యి చూపేవారు. జవాబు మాత్రం ఆ పూట వచ్చేది కాదు. రెండు రోజులకో, రెండు నెలలకో, ఏ పొలం గట్టు మీదో, ఏ బస్సులోనో మన ప్రశ్నే జవాబును వెంటబెట్టుకుని మళ్లీ మనకు ఎదురయ్యేది. పెన్న ఒడ్డున ఆయన చిన్న ఆశ్రమంలో పాతికేళ్లు మసిలినవాణ్ణి, అలాంటివి ఎన్ని చూశానో. మీరు కాస్త దగ్గరికి జరిగి కూర్చుంటే తిరుపాలు సంగతి ఒక్కటి చెబుతాను.

తిరుపాలు మట్టి పనుల కాంట్రాక్టరు. వాళ్ల తాత, తండ్రి పారా గంపా పట్టి చెరువులు తవ్వినవాళ్లు. ఇతనికి భగవంతుడి దయవల్ల రెండు ప్రొక్లెయిన్లు, ఒక జేసీబీ, ఐదు టిప్పర్లు ఉన్నాయి. నిలువెత్తు మనిషి. గొంతెత్తితే ఇంజన్ల చప్పుడు దాటి అవతలి గట్టుకు వినిపిస్తుంది. ఆ గొంతే అతని బలం, అతని బాధా అదే. స్వామిని "నువ్వు" అని పిలిచే చనువు మా అందరిలో అతని ఒక్కడికే ఉండేది.

ఒక గురువారం సాయంత్రం వచ్చి స్వామి పాదాల దగ్గర కూలబడ్డాడు. మెడలోని తులసిమాలను గుప్పిట్లో పట్టుకున్నాడు.

"సామీ, ఈ మాల నువ్వేసి పద్దెనిమిదేండ్లాయ. కోపం పోతాదని ఏసుకున్నా. పోలేదు. నిన్న పని కాడ కొత్త ఆపరేటర్ని వాళ్లమ్మను కలిపి తిట్టినా. తిట్టినాక కిందికి చూసుకుంటే ఇది ఎదాన ఊగతాంది. పద్దెనిమిదేండ్లు జపం చేసిన నోరేనా సామీ ఇది? ఎందుకు పోలేదు?"

"తిన్నావా నాయనా?" అన్నారు స్వామి.

"తినబుద్ధి కాలేదు. రేపు పొద్దున నువ్వు మా కుంట కాడికి రావాల. తవ్వకం అయిపోయింది, నీ చేత్తో టెంకాయ కొట్టాల. అది అయినాక ఈ మాల నీ చేతిలో పెట్టేస్తా. నా పని నేను చేసుకుంటా. దేవుని మాల ఏసుకోని ఊరిని మోసం చేసేది నాతో కాదు."

ఆ చివరి మాట అంటున్నప్పుడు అంత పెద్ద గొంతూ పీలగా అయిపోయింది. మాల తీశాడంటే సిగ్గుతో ఇక ఆశ్రమం గడప తొక్కడని అందరికీ తెలుసు. స్వామి మాత్రం "రేపు వస్తాలే. పోయి రెండు ముద్దలు తిను" అని లేచిపోయారు.

మీరు మట్టి పనులు చూసి ఉండకపోతే ఇక్కడ ఒక మాట చెప్పాలి. భూమి తవ్వేవాళ్లు గుంత మొత్తం ఒకేసారి చదును చేయరు. అక్కడక్కడ ఒక దిమ్మను ముట్టుకోకుండా వదిలేస్తారు. దాని నెత్తిన పాత నేల, పాత గడ్డి అలాగే ఉంటాయి. చుట్టూ పదడుగులు తవ్వుకుంటూ దిగిపోతే అదొక్కటి స్తంభంలా నిలబడి ఉంటుంది. దాన్ని సాక్షి దిమ్మ అంటారు. ఇంజనీరు వచ్చి, ఆ గడ్డి దగ్గర నుంచి కిందికి టేపు వదిలి, ఇంత లోతు తవ్వారని రాసుకుంటాడు. ఆ తరువాతే దిమ్మను తీసేస్తారు. కొలతలకు కొత్త పరికరాలు వచ్చాయిగానీ, ఆ పని చూసే ఇంజనీరు పాతకాలం మనిషి. దిమ్మ కనబడితేనే కలం తీస్తాడు.

మర్నాడు పొద్దున స్వామి చెయ్యి పట్టుకుని నేనూ వెళ్లాను. ఊరి వాళ్లకు వేసవిలో నీళ్లు నిలవడానికి తవ్వుతున్న కుంట అది. మేము గట్టు ఎక్కకముందే తిరుపాలు గొంతు వినిపించింది. గుంత నడుమ, యంత్రం పక్కన, కొత్త ఆపరేటరు గుర్రప్ప తల వంచుకుని నిలబడి ఉన్నాడు. మొన్న తిట్లు తిన్నదీ అతనే.

"నాలుగు దిమ్మలుండాల. మూడు యాడికి పోయినాయిరా?"

"తీసేసినా అన్నా."

"ఎవురు తీయమన్నారు?"

"నువ్వే కదన్నా. రేపు సామి వస్తాండాడు, గుంత అద్దం మాదిరి ఉండాల అంటివి. తెల్లారుజామున లేసి అంతా గీకినా. నాలుగోది గూడా తీసేటోణ్ణే. డీజిల్ అయిపాయ."

తిరుపాలు రోజూ సాయంత్రం తన చేత్తోనే, కడ్డీ ముంచి చూసుకుని, లెక్కగా డీజిల్ పోయించేవాడు. ఆ పిసినారితనం మీద ఆపరేటర్లు వేసుకోని జోకు లేదు. ఆ రోజు ఆ పిసినారితనమే చివరి దిమ్మను కాపాడింది. యంత్రం చేతికి ఉండే తవ్వే బకెట్ పళ్లు దాన్ని ఒక పక్క కొరికి, అక్కడే ఆగిపోయి ఉన్నాయి.

తిరుపాలు మొహం ఎర్రబడింది. "నీ యమ్మ" దాకా వచ్చాడు. చెయ్యి మాల మీదికి పోయింది. నోరు అలాగే తెరుచుకుని కాసేపు ఆగింది. తరువాత, "నీ బుర్రలో ఉండేది గుజ్జా, మట్టా? పెద్దోడు ఒక మాటంటే దానికి అర్థం అడగాల్సిన పని లేదా?" అని అరిచాడు. అరిచి, పెద్ద అంగలేసుకుంటూ పోయి, మిగిలిన ఆ ఒక్క దిమ్మకు అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు. డీజిల్ లేని యంత్రం ఎక్కడికి వస్తుంది చెప్పండి. అయినా, "ఎవురూ దీని తట్టు రావాకండి" అన్నాడు.

గుర్రప్ప కళ్లు తుడుచుకుంటున్నాడు. రెండో యంత్రం నడిపే మస్తాన్ వచ్చి అతని పక్కన నిలబడ్డాడు. ఇరవై రెండేళ్లుగా తిరుపాలు దగ్గర ఉన్న మనిషి.

"ఏడ్చేదేముందిరా? బుర్రనే కదా అనింది. నేను కొత్తలో రాతికి తగిలించి బకెట్ పన్ను ఇరగ్గొడితే జాకీ రాడ్డు ఇసిరినాడు. ఇది చూడు." జుట్టు తప్పించి మచ్చ చూపించాడు. "అప్పుట్లో పొద్దున్నే తాగొచ్చేటోడు. మాటకు ముందు చెయ్యి లేసేది. మాల ఏసినాక ముందు తాగుడు పాయ. మూడు నాలుగేండ్లకు చెయ్యి పాయ. ఇప్పుడుండేది నోరొక్కటే. అది గూడా సగం మింగినాడు, ఇప్పుడు నువ్వు సూల్లేదా? ఇంకో గంటకు టీ తెస్తాడు. వద్దనాకు, తాగు."

స్వామి అప్పటికే వాలు బాట మీదుగా గుంతలోకి దిగుతున్నారు. ఒక్క క్షణం నిలబడి ఆ మచ్చ వైపు చూశారు. తరువాత దిమ్మ దగ్గరికి నడిచారు.

"ఏందప్పా తిరుపాలూ, మట్టిగడ్డను బిడ్డను కాచినట్టు కాస్తాండావు? నున్నటి గుంతలో ఇదొక్కటే వికారంగా ఉంది. తీసేయరాదా?"

"ఎంత మాట సామీ. ఇది పోతే మేం తవ్వినామని చెప్పేదెవురు? గుంతలో నిలబడినోనికి లోతు తెలీదు. కాళ్ల కింద ఎప్పుడూ నేలే కదా ఉండేది. తలెత్తి ఈ గడ్డి తట్టు చూస్తేనే, ఓహో, ఇంత దిగినామా అని తెలిసేది."

స్వామి తలెత్తి చూశారు. భుజం మీది కండువా జారిపోయింది. "అబ్బా. అంత పైనుండేదా నేల?"

"ఆడనే సామీ."

"దీంట్లో గూడా మోసాలుంటాయా?"

ఆ పొద్దున తిరుపాలు మొదటిసారి నవ్వాడు. "ఉండకేం. కొందరు దిమ్మ నెత్తిన ఇంకో రెండు గంపలు మట్టి పోసి, యాణ్ణుంచో గడ్డి పీక్కొచ్చి నాటుతారు. ఎత్తు పెరుగుతాది కదా. తెలిసిన ఇంజనీరైతే గడ్డి పట్టుకోని లాగుతాడు. ఊడొచ్చేస్తాది."

దిమ్మ మొదట్లోనే స్వామి టెంకాయ కొట్టారు. అందరికీ చిప్పలు పంచారు. గంట కాలేదు, తిరుపాలు గట్టు మీది నుంచి టీ గ్లాసు మోసుకొచ్చి గుర్రప్ప చేతిలో పెట్టాడు. "తాగు. చెప్పింది నేనే, తప్పు నాదే. మాపటికి ట్యాంకు నిండా పోయిస్తాలే" అన్నాడు. మస్తాన్ గుర్రప్పను మోచేత్తో పొడిచాడు.

ఆ తరువాత తిరుపాలు స్వామి ఎదుటికి వచ్చి, తల వంచి, మాల తీసి రెండు చేతుల్లో పట్టుకుని చాపాడు.

స్వామి మాల వైపు చూడలేదు. దిమ్మ నెత్తిన గాలికి ఊగుతున్న గడ్డిని చూస్తున్నారు.

"మీ ఇంజనీరు ఎప్పుడొస్తాడు నాయనా?"

"అది ఆయన ఇష్టం సామీ. వచ్చేదాకా కాచుకోవాల."

"వచ్చినాక?"

"కొలుచుకుంటాడు. అయినాక ఈ దిమ్మ తీసేది ఒక్క పూట పని."

స్వామి ఆ మాలను అందుకున్నారు. మళ్లీ అతని మెడలోనే వేసి, పూసలు సర్ది, ఎదురు రొమ్ము మీద రెండు సార్లు తట్టారు.

"అయితే నీలో మిగిలిన దిమ్మను గూడా కొలిచేవాడు వచ్చేదాకా ఉండనీలే. పైన మట్టి మాత్రం పోయొద్దు."