ఏనుగు దిగలేని మహారాజు

వెనకటికి చందనవరం అనే రాజ్యాన్ని మార్తాండభూపాలుడు ఏలేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు. కాకపోతే తన నోట ఏ మాట వచ్చినా అది శాసనమేనని ఆయనకు గట్టి నమ్మకం.

ఆయన పట్టపుటేనుగుకు మావటి దుగ్గన. కిందటేడు గజశాలలో ఒక ఆడ ఏనుగు కడుపుబ్బి, మూడు రోజులు విలవిల్లాడి, దుగ్గన చూస్తుండగానే ప్రాణం విడిచింది. అది మొదలు అతనికి అన్నం సయించలేదు. ఆ సంగతి రాజుగారి చెవిన పడింది.

"దక్షిణదేశంలో గజవైద్యం నేర్పే గురువున్నాడట. ఏడాదిపాటు నీ ఖర్చంతా నాది. రేపు సభలో తాంబూలం అందుకుని బయల్దేరు" అన్నాడు రాజు.

ఎవరైనా ఎగిరి గంతేస్తారు. దుగ్గన మాత్రం ఆస్థాన విదూషకుడు మాచన ఇంటికెళ్ళి అరుగు మీద కూలబడ్డాడు.

"అయ్యగారూ, నేను కొలువు మానేద్దామనుకుంటన్నానండి."

"ఎప్పుడు?"

"అదే తెలీదండి. ఒకరోజు పోదామనిపిస్తది. ఒకరోజు ఏనుగు మొహం చూసి ఆగిపోతాను. మావటోళ్ళు సాలలోనే పడుకోవాలని కట్టడి గదండీ. నెలకి రెండ్రోజులే ఇల్లు. నా కూతురు నన్ను చూసి చుట్టమొచ్చాడనుకుంటంది. అడివిలో కలప లాగే ఏనుగుల కాడికి రమ్మని మా బామ్మర్ది కబురెట్టాడు. అక్కడైతే రోజూ ఇంటికి పోవచ్చంట. ఇట్టాంటి ఆలోచన మనసులో పెట్టుకుని రాజుగారి సొమ్ముతో చదువుకుంటే ద్రోహం కాదాండీ?"

"పోవాలని తేల్చుకున్నావా?"

"లేదండి."

"నువ్వింకా తేల్చుకోనే లేదు, అప్పుడే నీకు నువ్వే శిక్ష వేసేసుకుంటున్నావు. ఆ పని కూడా నువ్వే చేసేస్తే రాజుగారు ఏం చేస్తారయ్యా? వెళ్ళి తాంబూలం అందుకో."

మాచన చెప్పడం బాగానే చెప్పాడు. కానీ ఆ రాజ్యంలో తాంబూలం అందుకోవడమంటే మాట ఇచ్చినట్టే. మర్నాడు సభలో దుగ్గన చెయ్యి చాచాడు, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. కడుపులో ఏదీ దాచుకోలేని మనిషి. కొలువు మానేసి కలప ఏనుగుల దగ్గరికి పోతానేమోనని అక్కడే కక్కేశాడు.

రాజుగారి మీసం అదిరింది.

"నా సొమ్ముతో నేర్చి, పరాయి ఏనుగులకు వైద్యం చేస్తావా? అందరూ వినండి! ఎవరి ఖర్చుతో నేర్చిన విద్య వారి సొత్తు! ఇదే నా శాసనం. చచ్చేదాకా నా గజశాల వదలనని ఒట్టు పెట్టి తాంబూలం అందుకో. లేదా, చదువూ లేదు, కొలువూ లేదు. రేపు సాయంత్రం దాకా గడువు."

ఊరంతా చాటింపు వేశారు. దుగ్గన ఇరకాటంలో పడ్డాడు. ఒట్టు పెడితే కూతురికి జన్మంతా చుట్టంగానే మిగిలిపోవాలి. పెట్టకపోతే కొలువు పోతుంది, ఎక్కడికెళ్ళినా ఇంకో ఏనుగు రోగాన పడ్డ నాడు మళ్ళీ చేతులు పిసుక్కుంటూ నిలబడాలి.

మాచన అతని చెవిలో ఒకే మాట ఊదాడు. "రేపు రాజుగారు ఏనుగెక్కేదాకా మామూలుగా ఉండు. ఎక్కాక నోరు విప్పకు."

మర్నాడు పొద్దున్నే రాజుగారు అంబారీ ఎక్కి, ఊరంతా తిరిగి, కోట వాకిటికి చేరుకున్నాడు. ఎండ చురుక్కుమంటోంది. లోపల భోజనం సిద్ధంగా ఉంది.

"కూర్చోబెట్టరా" అన్నాడు రాజు.

దుగ్గన పలకలేదు. రాజు మళ్ళీ గద్దించాడు. ఉహుఁ.

"కూర్చో! ఇది రాజాజ్ఞ!" అని ఏనుగునే గదమాయించాడు. అది చెవులాడించి, పక్కనున్న భటుడి తలపాగా లాక్కుంది.

మాచన ముందుకొచ్చి వంగి దండం పెట్టాడు.

"మహాప్రభువులు మన్నించాలి. ఏనుగును కూర్చోబెట్టే మాట దుగ్గనకు వాళ్ళ నాన్న నేర్పాడు. తన గంజిలో సగం కొడుక్కి పోసి మరీ నేర్పాడు. నిన్నటి శాసనం ప్రకారం ఆ మాట రాజుగారిది కాదు, ఆ ముసలాయనది. ఆయనా పైలోకంలో ఉన్నాడాయె, అనుమతి అడుగుదామంటే దారి లేదు. నిచ్చెన తెప్పించమంటారా?"

వాకిట్లో అప్పటికే రెండొందల మంది పోగయ్యారు. వాళ్ళందరి ముందూ నిచ్చెన పట్టుకుని దిగడమా! రాజు పళ్ళు నూరాడు.

"అయితే నా సొమ్ముతో నేర్చుకుని వాడు దర్జాగా వెళ్ళిపోవచ్చునంటావా?"

"వెళ్తాడో లేదో వాడికే తెలియదు ప్రభూ. ఆ తెలియకపోవడాన్ని కూడా దాచుకోలేక మీకు చెప్పాడు. నవ్వుతూ తాంబూలం పుచ్చుకుని ఉంటే మీకేం తెలిసేది? నిజం చెప్పినందుకు వీణ్ణి శిక్షిస్తే, ఇకమీదట అందరూ నవ్వుతూనే పుచ్చుకుంటారు. లోపలి మాట మాత్రం మీ చెవిన పడదు. అసలు ఎందుకు పోవాలనుకుంటున్నాడో తమరు అడిగారా?"

అడగలేదు. ఇప్పుడు ఏనుగు మీద కూర్చునే అడిగాడు. దుగ్గన అప్పుడు నోరు విప్పాడు. సాలలో పడక, నెలకు రెండ్రోజుల ఇల్లు, గుమ్మం చాటున నక్కి చూసే కూతురు, అన్నీ చెప్పాడు.



"నీ కూతురి పేరేమిటి?" అన్నాడు రాజు.

"గౌరండి."

"మావటివాళ్ళు సాలలో వంతులవారీగా పడుకుంటే చాలు. తక్కిన రోజులు ఇళ్ళకు పోవచ్చు. నిన్నటి శాసనం రద్దు. నీకు ఒట్టూ వద్దు, షరతూ వద్దు. వెళ్ళి చదువుకో. ముందు నన్ను దించరా బాబూ!"

దుగ్గన కళ్ళు తుడుచుకుని ఆ మాట అన్నాడు. ఏనుగు బుద్ధిగా మోకరిల్లింది. దిగిన రాజు తన అవస్థ తలచుకుని తనే పకపకా నవ్వాడు. నిండు మనసుతో తాంబూలం అందించాడు.

వారం తిరిగేసరికి దుగ్గన బయల్దేరాడు. ఊరి పొలిమేర దాకా సాగనంపి వచ్చిన మాచనను రాజు ఆత్రంగా అడిగాడు.

"పోతూ పోతూ ఏమన్నాడు?"

"వెళ్ళొస్తానన్నాడు ప్రభూ."

"అది అందరూ అనేదే కదయ్యా! తిరిగొస్తానని మాట ఇచ్చినట్టా, మర్యాదకు అన్నట్టా?"

"అది వాడు చెప్పాల్సింది కాదు ప్రభూ. ఈ ఏడాదిలో తమరు గజశాలను ఎలా మారుస్తారో, అదే చెబుతుంది."

రాజు గట్టిగా నవ్వి, తన చేతి కంకణం తీసి మాచనకు తొడిగి, ఆ పూటే గజశాల చూడ్డానికి బయల్దేరాడు, కాలినడకన.