రాజుగారిని అడిగి వస్తాను

అనగనగా ఒక అడవిలో, ఎండలు మండిపోతున్న రోజుల్లో, నీళ్ళకుంట కాస్తా ఎండిపోయిందర్రా పిల్లలూ. కొండ అవతలి అడవిలో మాత్రం పెద్ద మడుగుంది. అది అడవిదున్నలది. రాయబారం పంపక తప్పింది కాదు.

రాజుగారు సింహం. పోయినేడు ఎలుగుబంటిని పంపితే, ఒక్క తేనెపట్టుకు ఆశపడి నేరేడుతోపు మొత్తం ఇచ్చేసి వచ్చింది. అప్పట్నుంచి ఆయనకు ఎవరి నోటి మీదా నమ్మకం లేదు.

ఈసారి చుక్కమ్మ అనే దుప్పిని పిలిచారు. "నేను చెప్పింది తప్ప ఒక్క ముక్క మాట్లాడకు. వాళ్ళు ఏం అడిగినా వచ్చి నన్నడుగు" అన్నారు.

"చిత్తం ప్రభూ" అంది చుక్కమ్మ. ఇంటి దగ్గర దానికి నెలరోజుల పిల్ల. గొంతు ఎండిపోయి "అమ్మా" అనడం కూడా మానేసింది. ఆ దిగులుతోనే కొండ ఎక్కి దిగింది.

దున్నల పెద్ద గంగన్న ఎదురొచ్చాడు. "ఎండన పడి వచ్చావు తల్లీ! ముందు మంచినీళ్ళు తాగు, తర్వాత మాట్లాడుకుందాం."

చుక్కమ్మ గుటకలు మింగింది. నీళ్ళు తాగొచ్చని రాజుగారు చెప్పలేదే! "రాజుగారిని అడిగి వస్తానండీ" అని వెనక్కి పరుగెత్తింది.

"ఇచ్చిన నీళ్ళు ముట్టకుండా పోయిందేమిటి? తగువుకొచ్చిందా?" అని గంగన్న నొచ్చుకున్నాడు.

రాజుగారు పూటంతా ఆలోచించి రెండు గుక్కలకు అనుమతిచ్చారు. చుక్కమ్మ మళ్ళీ కొండ దాటి, సరిగ్గా రెండే గుక్కలు తాగింది. గంగన్న మనసు కుదుటపడింది.

"పిల్లలెంతమంది తల్లీ?"

"రాజుగారిని అడిగి వస్తానండీ!"

దున్నలన్నీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వాయి. పాపం, చుక్కమ్మకు తల కొట్టేసినట్టయింది.

"ఒక్కటే అని చెప్పు. ఆడో మగో మాత్రం చెప్పకు" అన్నారు రాజుగారు.

మూడోసారి గంగన్న అసలు మాట ఎత్తాడు. "పొద్దున మీరు తాగండి, సాయంత్రం మేం తాగుతాం. అడవిపందులు కూడా అడుగుతున్నాయి. ఇప్పుడు సరేనంటే నీకే మాటిస్తాను."

ఇంతకన్నా మంచి బేరం ఎక్కడ దొరుకుతుంది? పిల్ల మొహం కళ్ళలో మెదిలింది. "సరే" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ రాజుగారి భయమే గెలిచింది. చుక్కమ్మ మళ్ళీ పరుగు తీసింది.

"పొద్దునే అని ఎందుకన్నాడు? ఏదో మెలిక ఉంది. సాయంత్రమే కావాలను" అన్నారు రాజుగారు జూలు సవరించుకుంటూ.

తీరా వెళ్ళేసరికి పందుల రాయబారి మడుగులో హాయిగా దొర్లుతోంది. "మనం దుంపలు తవ్వుకునే చోటు మాత్రం వదులుకోకు, మిగతాది నీ ఇష్టం అని మా మంద పెద్దమ్మ పంపింది వదినా. పొద్దుటి వంతు ఖాయం చేసుకున్నా" అంది.

ఇక మిగిలింది మిట్టమధ్యాహ్నం వంతు. ఆ మండుటెండలో అడవి అడవంతా కొండ దాటి వచ్చి, పందులు దొర్లిన బురదనీళ్ళు తాగింది. రాజుగారూ మూతి వంకర పెట్టుకుని తాగారు.

"అది మంచి బేరమని నీకు తెలుసు కదా! సరే అనేసి ఉండొచ్చుగా?" అని గద్దించారు.

చుక్కమ్మ తన పిల్ల మూతికంటిన బురద నాకి శుభ్రం చేస్తోంది. తల ఎత్తకుండానే జవాబిచ్చింది.

"తెలుసు ప్రభూ. కానీ మీరు పంపింది నా కాళ్ళనే. నా బుర్రను మీ దగ్గరే అట్టిపెట్టుకున్నారు."

నీతి: రాయబారికి హద్దు గీసి పంపాలి గాని, నోరు కట్టి పంపకూడదు.