మీరావలిగారు తుపాకుల ఆట నేర్చుకున్న సంగతి

నాదస్వర విద్వాంసులు షేక్ మీరావలిగారికి ఒక అలవాటు ఉండేది. సంగీతం గురించి ఏది అడిగినా వాయించి చూపేవారు. లోకం గురించి అడిగితే మాత్రం వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "చూద్దాం పద" అని చెప్పులు వేసుకునేవారు. చీరాలలో పదకొండేళ్లు ఆయన పక్కన డోలు వాయించాను కనుక, అట్లా ఆయన వెంట చాలాచోట్లకు వెళ్లాను. వాటిలో ఒకచోటి సంగతి ఇది.

ఆయన శిష్యురాలు వకుళ ముప్ఫై ఏళ్ల మనిషి. పెళ్లిళ్లలోనూ గుడి ఉత్సవాల్లోనూ ఆయన సరసన కూర్చుని వాయించే స్థాయికి వచ్చింది. ఒక వేసవిలో మూడు వారాలు పాఠానికి రాలేదు. వచ్చిన రోజు నాదస్వరం సంచిలోంచి తియ్యకుండానే అడిగింది.

"గురువుగారూ, ఫోనులో తుపాకుల ఆట ఆడితే మనిషి నిజంగానే హంతకుడైపోతాడా?"

ఎందుకు అడిగిందో మా అందరికీ తెలుసు. ఆమె తమ్ముడు ఆదిశేషుకు ఇరవై మూడేళ్లు. మార్టూరు వైపు ఒక గ్రానైటు ఫ్యాక్టరీలో రాళ్లకు పాలిష్ పట్టే పని. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ, అందరూ చూస్తుండగా, మేస్త్రీ మస్తాన్‌రావును ఇనుపరాడ్డుతో రెండు దెబ్బలు కొట్టాడు. మస్తాన్‌రావు ప్రాణం దక్కింది గాని కుడిచెయ్యి భుజం పైకి లేవకుండా పోయింది. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. పోలీసులు శేషు ఫోను తెరిస్తే ఒక యుద్ధం ఆట కనబడింది. రోజుకు ఐదారు గంటలు ఆడేవాడని తేలింది. ఆ ఆటే వాణ్ని పిచ్చివాణ్ని చేసిందని పేపర్లో రాశారు.

ఆ రాత ఆ ఇంటికి ఒక విధంగా ఊపిరి పోసింది. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకూ తల్లి అదే చెప్పుకుని ఏడ్చేది. "మావాడు కోడిని కోస్తుంటే లేచి అవతలికి వెళ్లిపోయేవాడమ్మా, ఆ పాడు ఆటే పాడు చేసింది" అనేది. ఫ్యాక్టరీవాళ్లూ అదే అన్నారు. శేషు తరఫు ప్లీడరు మరొక అడుగు ముందుకు వేసి, నిద్రలో కూడా "చంపు, చంపు" అని అరిచేవాడని అక్కగా నువ్వు కోర్టులో చెబితే శిక్ష తగ్గుతుందన్నాడు.

"అరిచేవాడా?" అని అడిగారు గురువుగారు.

"నేను వినలేదండీ. కానీ ఆడేవాడు కదా. అది నిజమే కదా."

మీరావలిగారు తన ఫోను ఆమె చేతికిచ్చి, "ఆ ఆట ఇందులో పెట్టు" అన్నారు.

డెబ్బై రెండేళ్ల మనిషి పది రోజులు ఆ ఆట ఆడారు. నాదస్వరం మీద మెరుపులా కదిలే వేళ్లు ఆ అద్దం మీద తడబడేవి. దీవి మీద దిగడం, ఎవరో కాల్చడం, చావడం, మళ్లీ దిగడం. జట్టులో ఎవరో ముక్కూ మొహం తెలియని కుర్రాడు "అంకుల్, మీకెందుకీ ఆట" అని రాస్తే మాకు చూపించి నవ్వారు. ఏడో రోజు గురిపెట్టి కూర్చున్న సమయంలో ఆయన భార్య మాబున్నీ టీ తెచ్చి పిలిచింది. "ఉండవే!" అని గట్టిగా కసిరారు. ఆ ఇంట్లో అటువంటి గొంతు నేనెన్నడూ వినలేదు. ఆవిడ గ్లాసు అక్కడ పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆయన ఫోను బోర్లించి, టీ చల్లారేదాకా దానివంకే చూస్తూ కూర్చున్నారు. తర్వాత లోపలికి వెళ్లారు. ఏం చెప్పుకున్నారో తెలియదు.

పదకొండో రోజు చెప్పులు వేసుకున్నారు. వకుళనూ నన్నూ వెంటబెట్టుకుని సబ్‌జైలుకు బయలుదేరారు.

శేషుకు చిన్నప్పటి నుంచీ నత్తి. కొత్తవాళ్ల ముందు మరీ ఎక్కువ. అరెస్టయిన దగ్గర్నుంచి వాడు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. తల్లి వెళ్లినప్పుడు ఆమె ఏడుపు వింటూ నిలబడేవాడట. ఆ రోజూ ఇనుపజాలీకి అటువైపు తల వంచుకునే నిలబడ్డాడు. అక్క "ఎట్లా ఉన్నావురా?" అంటే తల ఊపాడు. మీరావలిగారు జాలీ దగ్గరికి జరిగి, కేసు ఊసెత్తకుండా, "నాయనా, దిగీ దిగగానే చచ్చిపోతున్నాను. ఏం చెయ్యాలంటావు?" అన్నారు.

శేషు తలెత్తి చూశాడు. ఆయన ఏ సంగతి అడుగుతున్నారో అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"మీరు... ము... ముందు తుపాకీ కోసం పరిగెత్తుతున్నారేమో. అది కాదండీ. ముందు దా... దాక్కునే చోటు చూసుకోవాలి."

తర్వాత ఇంకా చెప్పాడు. ఒక్కొక్క మాట దగ్గర ఆగిపోయేవాడు, పెదవులు వణికేవి. గురువుగారు ఆ మాటను తాను అందించలేదు, చూపు పక్కకు తిప్పుకోలేదు. సభలో మరొకరు రాగం ఎత్తుకున్నప్పుడు ఎట్లా వింటారో అట్లా విన్నారు. వినేకొద్దీ కుర్రాడి మాట కొద్దిగా సాఫీ అయింది. నలుగురి జట్టుకు తానే నాయకుణ్నని చెప్పాడు. ఆ ముగ్గురూ తనను ఎన్నడూ చూడలేదు, తన గొంతు వినలేదు. ఆటలో మాటలన్నీ రాసి చెప్పేవాడు. తను చెప్పింది వాళ్లు వినేవాళ్లు.

అప్పుడు అడిగారు గురువుగారు. "మస్తాన్‌రావు మీద రాడ్డు ఎత్తినప్పుడు ఆట గుర్తొచ్చిందా?"



"ఆడేటప్పుడు నాకెవర్నీ కొ... కొట్టాలనిపించేది కాదండీ. ఆపేసి పనికి బయల్దేరేటప్పుడు అనిపించేది." మళ్లీ ఆగి, తనే అన్నాడు. "కానీ కొట్టాక లే... లేస్తాడనే అనుకున్నానండీ. లేవలేదు."

మిగతాదంతా ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. షిఫ్టు దిగేముందు ఎన్ని పలకలు పాలిష్ అయ్యాయో ఒక్కొక్కరూ మేస్త్రీకి అరిచి చెప్పాలి. శేషు వంతు రాగానే మస్తాన్‌రావు చెయ్యెత్తి అందర్నీ ఊరుకోబెట్టేవాడు. 'పన్నెండు' అనబోయి వీడు 'ప' దగ్గర తన్నుకులాడుతుంటే తనూ 'ప, ప' అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. పదకొండు పలకలకే ఆపేద్దామని చూశాడట గాని, పదకొండులోనూ 'ప' ఉంది. ఏడాదిన్నర రోజూ అదే. చివరికి ఒకరోజు దాన్ని ఫోనులో వీడియో తీసి పనివాళ్ల గ్రూపులో పెట్టాడు. మర్నాడు శేషు అన్నం క్యారేజీ తెరిచేసరికి చుట్టూ నాలుగైదు ఫోన్లలో తన గొంతే వినబడింది.

వకుళ జాలీ పట్టుకుంది. "నాకొక్కదానికన్నా చెప్పకపోయావేంరా!"

"చె... చెప్పానక్కా. ఉగాదికి ముందు. నువ్వు కచేరీకి చీర ఇస్త్రీ చేసుకుంటున్నావు." ఆరోపణ లేదు ఆ గొంతులో, గుర్తుచేసినట్టు చెప్పాడంతే. "'నువ్వే కాస్త స్పష్టంగా మాట్లాడటం నేర్చుకోరా, వాళ్లనెందుకు అంటావు' అన్నావు."

ములాఖత్ టైం అయిపోయిందని కానిస్టేబులు వచ్చాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో వకుళ కిటికీ వైపే కూర్చుంది. చీరాల దగ్గర పడుతుండగా, "కోర్టులో ఏం చెప్పమంటారు గురువుగారూ?" అంది.  ఆయన నోరు తెరిచేలోపే నేను ఉండబట్టలేక, "అయితే ఆటది తప్పేం లేదన్నమాట" అన్నాను. ఆయన నా వంక తిరిగి, "పది రోజుల్లో నేను మాబున్నీని ఎట్లా కసిరానో నువ్వు వినలేదా?" అన్నారు. 

ప్లీడరు కోరిన మాట తాను చెప్పనని వకుళ చెప్పేసింది. "నీ ఇష్టం. ఒక ఏడాది ఎక్కువ పడితే నన్ననవద్దు" అన్నాడాయన. తల్లి రెండు రోజులు కూతురితో మాట్లాడలేదు. వాయిదా రోజున వకుళ బోనెక్కి తనకు తెలిసినదంతా చెప్పింది. తమ్ముడు గంటల తరబడి ఆట ఆడిన మాట నిజమేనంది. నిద్రలో అరవడం తాను వినలేదంది. నత్తి సంగతి, వీడియో సంగతి చెప్పి, చివర ఇస్త్రీ పెట్టె దగ్గర తానన్న మాట కూడా ఉన్నదున్నట్టు చెప్పింది. అది ఎవరూ ఆమెను అడగలేదు. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె చూపు జడ్జి మీద లేదు, తమ్ముడి మీద ఉంది. వాడు కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

శేషుకు మూడేళ్లు శిక్ష పడింది. తగ్గిందో పెరిగిందో మాకు తెలియదు. తీర్పు రోజున మెట్లు దిగుతుంటే మస్తాన్‌రావు భార్య మాకు ఎదురైంది. శాపనార్థాలు పెడుతుందనుకుని వకుళ తల వంచుకుని నిలబడింది. ఆవిడ దగ్గరికి వచ్చి, "ఆ వీడియో మా ఆయన నాకూ చూపించాడమ్మా" అంది. "నేనూ నవ్వాను." అని, భర్త ఎడమచెయ్యి పట్టుకుని మెట్లు దింపుకుంటూ వెళ్లిపోయింది. మస్తాన్‌రావు వెనక్కి తిరిగి చూడలేదు. కాని గేటు దాటేముందు ఒకసారి ఆగాడు.

శేషును దూరపు జైలుకు మార్చారు. పదిహేను రోజులకొకసారి చూడనిస్తారు. మొదటిసారి వెళ్లివచ్చిన మర్నాడు వకుళ పాఠానికి వచ్చింది. ఆట సంగతి ఆమె మళ్లీ ఎత్తలేదు. వేరే దిగులు పట్టుకుందామెకు.

"పోనూ రానూ ఒక రోజు పడుతుంది గురువుగారూ. తీరా వెళితే ఇచ్చేది పావుగంట. నేనేమీ మాట్లాడలేదు, వాణ్నే మాట్లాడనిచ్చాను. అయినా నాలుగు మాటలు పూర్తయ్యేసరికి టైమైపోయింది."

మీరావలిగారు ఆమెకు ఎదురుగా కూర్చుని శ్రుతిపెట్టె మీద చెయ్యి వేశారు.

"మంచిదే కదమ్మా" అన్నారు. "ఈసారి వెళ్లినప్పుడు ఐదోది వింటావు."