పట్టపుటెద్దు తవుడు

ఒకానొక రాజ్యాన్ని గజవర్ధనుడనే రాజు ఏలేవాడు. ఏలేవాడని అనడమే గాని, ఆయనకు పొద్దంతా తినడానికే సరిపోయేది. మూడుసార్లు దంచి, మల్లెమొగ్గల్లా తెల్లబడిన బియ్యం తప్ప వేరే గింజ ముట్టేవాడు కాదు. నాలుగు మెట్లెక్కాలంటే నలుగురు పట్టుకోవాలి.

ఆ కొలువులో ఓబన్న అనే విదూషకుడు ఉండేవాడు. ఒకనాడు అతని ఎదుటే రాజు భోజనం ముగించి, త్రేన్చి, ఆజ్ఞ జారీచేశాడు.

"మా రాజ్యంలో ఇంకా జొన్నలూ కొర్రలూ పండించడం మాకే నామోషీ. ఏరువాక నాడు మేము పట్టపుటెద్దును కట్టి తొలి చాలు దున్నగానే కొర్రపాడు చెరువుకు గండి కొట్టండి. ఆ మెట్ట పొలాలన్నీ వరిమడులు కావాలి!"

కొర్రపాడు ఓబన్న సొంత ఊరు. జొన్నకు నాలుగు వానలు చాలు, వరికి చెరువంతా కావాలి. చెరువు ఎండితే ఊరు తాగేదేమిటి?

"తెల్లన్నం అంత గొప్పదా ప్రభూ?" అన్నాడు.

"పొట్టూ తవుడూ పశువుల తిండి. తెల్లన్నం రాజుల తిండి. కాదని రుజువు చెయ్యి, చెరువు జోలికి పోము. చెయ్యలేకపోతే గుండు గీయించి తరిమేస్తాం."

"చిత్తం. ఏరువాక దాకా పట్టపుటెద్దు మేతా, తమరి వంటా నాకు అప్పగించండి."

రాజు సరేనన్నాడు. మర్నాటి నుంచి ఆయన పళ్లెంలోకి 'రాజమోదకాలు' అనే కొత్త వంటకం వచ్చింది. రాజు లొట్టలు వేస్తూ, అన్నం కూడా పక్కకు నెట్టి అవే తిన్నాడు.

ఇరవై రోజులకు ఏరువాక పున్నమి వచ్చింది. రాజు పల్లకి వద్దని కాలినడకనే పొలానికి వచ్చాడు. మేళాలు మోగాయి. పట్టపుటెద్దు మాత్రం పొట్ట ఉబ్బి, కాడిని చూడగానే కూలబడింది. తోక మెలిపెట్టినా లేవలేదు.

"ఏం పెట్టావురా దీనికి?" రాజు మండిపడ్డాడు.

"తమరు చెప్పిన రాజుల తిండే ప్రభూ. ముమ్మారు దంచిన బియ్యం, పైన గరిటెడు నెయ్యి."

"ఓరి మూర్ఖుడా! అది తింటే ఒళ్లు గుల్లవదా? పొట్టూ తవుడూ పడితేనే కదరా బలం!"

అనేసి రాజు నాలుక కరుచుకున్నాడు. జనం నవ్వు ఆపుకోలేక పైపంచెలు నోట్లో కుక్కుకున్నారు.

"మరి దీని తవుడేం చేశావు?" అని రాజు గొంతు తగ్గించి అడిగాడు.

"కొర్రపిండీ బెల్లమూ కలిపి ఉండలు చుట్టాను. తమరు వాటినే రాజమోదకాలని పూటకు డజను లాగించారు. ఇవాళ కోట నుంచి ఇక్కడిదాకా ఆయాసం లేకుండా నడిచొచ్చారు."

రాజు తన కాళ్లను తానే వింతగా చూసుకున్నాడు.

"గింజకు పొట్టు పోయి తమరికి పొట్ట వచ్చింది ప్రభూ. ఆ పొట్టు తిరిగొచ్చింది, పొట్ట పోతోంది."

రాజు పగలబడి నవ్వాడు. మెళ్లో ముత్యాలహారం తీసి ఓబన్న మెడలో వేశాడు. "కొర్రపాడు చెరువు కట్ట మీద గడ్డపార పడకూడదు," అన్నాడు. ఓబన్న వంగి దండం పెట్టాడు.

"ఆకలేస్తోంది. మోదకాలేవీ?"

"ఇవాళ్టివి ఎద్దుకని దాచాను ప్రభూ. అది లేస్తేనే కదా తొలి చాలు!"

రాజు ఎద్దు వంక చూశాడు. ఎద్దు రాజు వంక చూసింది.

"చెరి సగం," అన్నాడు రాజు.