మైనా మళ్ళీ గెలుస్తుందా

ఎర్రమెట్టలో తెలివి ఎక్కడుందని ఎవరైనా అడిగితే ఊరంతా తన ఇంటివైపే చెయ్యి చూపిస్తుందని పైడయ్య నమ్మకం. ఎవరూ అడగలేదు, ఎవరూ చూపించలేదు, అది వేరే సంగతి. మిగతావాళ్ళు ఒక మాట వింటారు, దానికి ఇంకో అర్థం తీస్తారు, చివరికి మూడో పని చేస్తారు. తమ ఇంట్లో అలా కాదు. విన్నది విన్నట్టు చేస్తారు. ఒకసారి తల్లి కన్నమ్మ, పొయ్యి మీద పాలు చూస్తూ ఉండమని కోడలికి చెప్పి పొలానికి వెళ్ళింది. కోడలు, అంటే పైడయ్య భార్య సూరమ్మ, పాలు పొంగి, ఇగిరి, గిన్నె మాడి నల్లబడేదాకా రెప్ప వెయ్యకుండా చూసింది. అంత చెప్పినమాట వినే కోడలు ఎవరికుందని కన్నమ్మ ఇప్పటికీ మురిసిపోతూ ఉంటుంది.

పైడయ్యకి ఒక తమ్ముడు. పేరు తవుడు. పైడయ్య తర్వాత పుట్టిన బిడ్డలు దక్కకపోతే, వీణ్ణి పుట్టగానే పక్కింటామె చేతిలో పెట్టి, చేటెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కుంది కన్నమ్మ. అందుకని ఆ పేరు. ఇక ఆ ఇంట్లో అయిదోది మైనా. అది గుర్రం. తల్లి చచ్చిపోయిన పిల్లని కన్నమ్మ గంజి పట్టి పెంచింది. పైడయ్య పొలం నుంచి వస్తూ దాని మెడ నిమిరి, ఆ తర్వాతే కాళ్ళు కడుక్కునేవాడు.

పోలమ్మ జాతర ముందు ఏటి ఇసుకలో ఒక చిన్న పందెం పెడతారు. అది గుర్రాల కాళ్ళు సాగడానికి. అసలు పందెం జాతర రోజున. ఆ ఏడు మైనా తవుణ్ణి వీపు మీద ఎక్కించుకుని ఇసుక పందెంలో మొదటిసారి దిగింది. ఇంకేముంది, మిగతా గుర్రాలు సగం దూరంలో ఉండగానే అది గీత దాటి, అవతల గట్టు మీద గడ్డి మేస్తోంది.

పైడయ్య ఛాతీ ఉబ్బింది. ఆ ఉబ్బు తగ్గకముందే సంతలో దొడ్డిపాలెం గౌరయ్య ఎదురయ్యాడు. ఆయన గుర్రం మూడేళ్ళుగా జాతర పందెం గెలుస్తోంది. ఇసుకలో ఎగిరిన గుర్రాలు జాతరలో చతికిలపడటం తను చాలా చూశానన్నాడు గౌరయ్య. మాటా మాటా పెరిగింది. సంతంతా చుట్టూ చేరింది.

"నీ గుర్రం గెలిస్తే నా మీసం తీయించేస్తాను," అన్నాడు గౌరయ్య. "ఓడితే మీ గుర్రం మా దొడ్లో ఉండాలి. సరేనా?"

"మాటంటే మాటే," అన్నాడు పైడయ్య.

ఇంటికొచ్చి చెప్పాడు. ఆ మీసం తెచ్చుకుని మనమేం చేసుకుంటామని సూరమ్మకి సందేహం వచ్చింది. ఉట్టికి కట్టుకోవచ్చులే అంది కన్నమ్మ. కానీ తవుడు మాత్రం, ఓడితేనో, అన్నాడు. ఆ మాటతో పైడయ్య లేచాడు. దొడ్లోకి వెళ్ళి మైనా పక్కన చాలాసేపు నిలబడ్డాడు. ఒకసారి గెలిచింది సరే, మళ్ళీ గెలుస్తుందా? ఆ మాట ఎవరు చెప్పగలరు?

గుర్రాల బుచ్చన్న చెప్పగలడు. ఆయన పడుచువయసులో జమీందారు లాయంలో గుర్రాలు చూసినవాడు. మర్నాడు మైనాని తోలుకుని నలుగురూ ఆయన దగ్గరికి వెళ్ళారు. బుచ్చన్న పళ్ళు చూశాడు, గిట్టలు చూశాడు, పక్కటెముకల మీద చెవి పెట్టి విన్నాడు.

గుర్రం మంచిదేనన్నాడు. కానీ ఇసుకలో దాన్ని తరిమినవాళ్ళెవరు? ముందూ వెనకా ఎవరూ లేక తనిష్టం వచ్చినట్టు పరిగెత్తింది. జాతర పందెం దానికి రెండింతల దూరం. పక్కన గుర్రాలు రాసుకుంటూ వస్తాయి. పైగా మొన్న పరిగెత్తినది పరుగు కాదు, మంట. అంత మండిన గుర్రం మళ్ళీ వెంటనే మండాలంటే కష్టం.

"గెలుపు మాత్రం దాని తలకెక్కనివ్వకండి," అన్నాడు చివరికి. "అది ఎక్కిందా, ఇక అంతే."

దారిలో బావి కనపడగానే సూరమ్మ మైనా మీద బిందెలకి బిందెలు నీళ్ళు గుమ్మరించింది. మంట అన్నాడు కదా. పొగ రావడం లేదని చూసుకున్నాక గానీ ఆమె మనసు కుదుటపడలేదు.

ఇక గెలుపు సంగతి. అది తలకెక్కకుండా ఎలా ఆపడం? కన్నమ్మ బాగా ఆలోచించింది. పరిగెత్తినవి కాళ్ళు కాబట్టి గెలుపు కాళ్ళలోనే ఉంటుంది. కాళ్ళ నుంచి తలకెక్కాలంటే మెడ దాటి తీరాలి. కొబ్బరిచెట్టు మీదికి ఎలకలు ఎక్కకుండా మనమేం చేస్తాం? కంప కడతాం. అంతే. తుమ్మకంప తెచ్చి మైనా మెడ చుట్టూ కట్టారు. తన తల్లికి ఇంత బుర్ర ఉన్నందుకు పైడయ్యకి కళ్ళు చెమర్చాయి.

గెలుపు ఎక్కలేదు గానీ, మైనా మెడ వంచలేకపోయింది. గడ్డి కింద, మూతి పైన. రెండ్రోజులకే పక్కలు లోపలికి పోయాయి. పైడయ్యకి అన్నం సహించలేదు. బుచ్చన్న దగ్గరికి పరిగెత్తాడు. గుర్రం మేత ముట్టడం లేదన్నాడు గానీ కంప మాట చెప్పలేదు. ఆయన అడగలేదు కాబట్టి.

"దానికేముంది," అన్నాడు బుచ్చన్న. "తవుడు బాగా నీళ్ళలో నానబెట్టి, బెల్లం కలిపి, పొద్దునా సాయంత్రం దాని ముందు పెట్టండి."

ఇంకేముంది. తవుణ్ణి తొట్టిలో పీకలదాకా కూర్చోబెట్టారు. వేళ్ళు ముడతలు పడ్డాక తీసి, ఒళ్ళంతా బెల్లం పాకం పూసి, మైనా ముందు పీట వేసి పెట్టారు. ఎంతసేపు నానాలని తవుడు అడిగితే, బాగా అన్నాడు కదా అని పైడయ్య మెత్తగా నచ్చచెప్పాడు. మైనా మొదట వాసన చూసింది. ఆ తర్వాత నాలుక చాపి నుదుటి నుంచి మొదలుపెట్టింది. తవుడు ఎత్తుగా పీట మీద ఉన్నాడు కాబట్టి మెడ వంచే పని లేకపోయింది. పూటపూటా వీశెడు బెల్లం మైనా కడుపులోకి వెళ్ళింది. దాని పక్కలు మళ్ళీ నిండాయి, వెంట్రుక నిగనిగలాడింది. తవుడికి మాత్రం జలుబు చేసి, చీమలు పట్టాయి. అయినా వాడు కిక్కురుమనలేదు. గుర్రం ఇంట్లో ఉండటం కోసం ఎన్ని చీమలైనా సరే అనుకున్నాడు.

జాతర రోజు రానే వచ్చింది. బయల్దేరే ముందు పైడయ్య బుచ్చన్నని ఆఖరిసారి అడిగాడు. ముసలాయన కళ్ళు మైనా మెడలో కంప మీద పడ్డాయి. ముందు దాన్ని తెంపి అవతల పారేశాడు. తర్వాత తవుణ్ణి దగ్గరికి పిలిచి, తొందరపడి మొదట్లోనే వదిలేస్తే గుర్రం సగంలో ఆగిపోతుందని చెప్పాడు. "మొదట దాచుకోండి. పందెం చివరికొచ్చాక వదలండి. అప్పుడు దీన్ని పట్టేవాడుండడు."

పందెం కొండ కింద మొదలై జాతర మైదానంలో సున్నం గీత దగ్గర ముగుస్తుంది. మొదలయ్యే చోట చెరకుతోట ఉంది. ఇంతకంటే దాచడానికి ఏం కావాలి? అన్నదమ్ములు మైనాని తోట నడిమధ్యకి తీసుకుపోయారు. తవుడు వీపు మీద వంగి పడుకున్నాడు. సకిలించకుండా పైడయ్య దాని మూతి పట్టుకున్నాడు. పైడయ్య గుర్రం ఏదని బయల్దేరే చోట మనుషులు కేకలేశారు. పేరు పెట్టి మూడుసార్లు పిలిచారు. దాక్కున్నవాళ్ళు పలుకుతారా? పైడయ్య నవ్వు ఆపుకోలేక తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

డప్పు మోగింది. గుర్రాలు నేల అదిరేలా వెళ్ళిపోయాయి. దుమ్ము లేచింది, దుమ్ము అణిగింది. పైడయ్య ఓపిగ్గా ఉన్నాడు. దూరంగా మైదానంలో జనం హోరెత్తారు. ఇంకా ఓపిగ్గా ఉన్నాడు. కుంటుతూ ఒక గుర్రం అందరి వెనకా వెళ్ళింది. కాసేపటికి గట్టు మీద గడ్డిమోపుతో ఒకాయన వస్తుంటే, పందెం ఎక్కడిదాకా వచ్చిందని అడిగాడు. చివరికొచ్చేసిందయ్యా, అన్నాడాయన.

"వదలరా తవుడూ," అన్నాడు పైడయ్య.

మైనా వదిలిన బాణంలా వెళ్ళింది. రాసుకునే గుర్రాల్లేవు, దుమ్ము లేదు, దారంతా దానిదే. చాపలు చుట్టుకుంటున్నవాళ్ళు ఆగి చూశారు. జీళ్ళమ్మే ముసలమ్మ తక్కెడ దించి చూసింది. అలాంటి పరుగు తమ వయసులో చూడలేదని పెద్దవాళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకున్నారు. వెనకాల పరిగెత్తుకొస్తున్న పైడయ్యకి తన కాళ్ళు నేల మీద ఉన్నట్టు అనిపించలేదు. అంత సంతోషం అతనికి పెళ్ళిలో కూడా కలగలేదు.

మైనా గీత దాటేసరికి గౌరయ్య గుర్రం కాలికి వెండి కడియం తొడుగుతున్నారు.

పైడయ్య రొప్పుతూ వెళ్ళి, ఆ కడియం తమదన్నాడు. పందెం నడిపే పెద్దమనిషి అతన్ని ఎగాదిగా చూసి, అందరూ వచ్చి, అలుపు తీర్చుకుని, నీళ్ళు తాగాక మీరు వచ్చారు, మీరే ఆఖరు అన్నాడు. చివర్లో వదిలితే ఆఖరవుతామా అని పైడయ్య కొంచెం ఆలోచించాడు. అవుతామని అప్పుడు తెలిసింది. మైనా వచ్చి మూతి అతని భుజం మీద పెట్టింది. కన్నమ్మ కొంగుతో దాని చెమట తుడుస్తూ ఉండిపోయింది.

గౌరయ్య పగ్గం కోసం చెయ్యి చాపాడు. పైడయ్య పగ్గం చేతిలో పెట్టాడు. మాటంటే మాటే. అయితే ఆ మాట ఏమిటి? మీ గుర్రం మా దొడ్లో ఉండాలి. అంటే దొడ్డి గౌరయ్యది, గుర్రం పైడయ్యది. గుర్రం తమదైనప్పుడు చూసుకోవాల్సింది తాము. అంతే. ఆ సాయంత్రానికల్లా నలుగురూ చాపలు, కుండలు, బెల్లం బుట్ట నెత్తిన పెట్టుకుని దొడ్డిపాలెం వెళ్ళి గౌరయ్య దొడ్లో దిగారు.

గౌరయ్య మొదట నవ్వాడు. తెల్లారి లేచేసరికి ఆయన ఆవులు తాగే తొట్టిలో తవుడు నానుతున్నాడు. ఆయన భార్య అది చూసి, శవమనుకుని వీధిలోకి పరిగెత్తింది. పోనీ కూర్చోండి అని గౌరయ్య మర్యాదకి అంటే, లెమ్మనేదాకా నలుగురూ అన్నం కూడా కూర్చున్నచోటే తిన్నారు. ఇల్లు మీదే అనుకోండి అని ఆయన తల్లి అంటే, ఇంకేముంది, సూరమ్మ వెంటనే తనకి గిట్టని ఉత్తరం గోడ పడగొట్టించడం మొదలుపెట్టింది. రెండోనాడు గౌరయ్య పగ్గం తెచ్చి పైడయ్య చేతిలో పెట్టాడు. గుర్రాన్ని తీసుకెళ్ళమని, కావాలంటే మీసం కూడా ఇచ్చేస్తానని దండం పెట్టాడు. మీసం ఉంచుకోమన్నాడు పైడయ్య. గెలవకుండా తీసుకోవడం ధర్మం కాదు.

మైనాతో ఇంటికి వస్తుంటే పైడయ్యకి దారి పొడవునా పాట వచ్చింది. అయినా మనసులో ఒక ముల్లు ఉండిపోయింది. ఊరి పొలిమేరలో బుచ్చన్న కనపడగానే అడిగాడు. "మామా, ఒంటరిగా అంత జోరుగా పరిగెత్తింది కదా. వచ్చే ఏడైనా గెలుస్తుందా?"

బుచ్చన్న మైనావైపు చూశాడు. నలుగురివైపూ చూశాడు. చెరకుతోట సంగతీ, తొట్టి సంగతీ ఊళ్ళో విన్నాక, ఒళ్ళు దగ్గర పెట్టుకుని మాట్లాడాలని ఆయనకీ తెలిసొచ్చింది. ఏ మాట అంటే ఏం చేస్తారోనని తిరకాసు లేని మాట కోసం చాలాసేపు వెతికాడు.

"ఈసారి దాచొద్దు, నానబెట్టొద్దు," అన్నాడు నెమ్మదిగా. "వచ్చే ఏటి పందేనికి అందరికంటే ముందు బయల్దేరండి. అందరికంటే ముందు గీత దాటండి. అంతకంటే ఏమీ లేదు."

ఇంత తేలిక సంగతి ముందే చెప్పి ఉండాల్సిందని పైడయ్యకి కొంచెం కోపం వచ్చింది. అంతే, ఇంటికి కూడా వెళ్ళలేదు. అటునుంచి అటే కొండ కిందికి వెళ్ళారు. తవుడు మైనా ఎక్కాడు. పైడయ్య నోటితోనే డప్పు మోగించాడు. మధ్యాహ్నం ఎండ తిరగకముందే మైనా ఖాళీ మైదానంలో, వాన పడితే చెరిగిపోయేలా ఉన్న సున్నం గీతని దాటేసింది. ముందూ వెనకా ఒక్క గుర్రం లేదు.

తవుడు దిగి, ఇక ఇంటికి పోదామా అన్నాడు. పైడయ్య వాణ్ణి జాలిగా చూశాడు. గెలిచినవాళ్ళు కడియం తీసుకోకుండా వెళ్ళిపోతారా? పైగా ఇక్కణ్ణించి కదిలితే రెండోవాళ్ళు వచ్చి మొదటివాళ్ళయిపోరూ? సూరమ్మని ఇంటికి పంపి చాపలు, బియ్యం, గొడుగు తెమ్మన్నాడు. గీత అవతల మైనాని కట్టేసి, దాని పక్కనే కాళ్ళు చాపుకుని కూర్చుని, మిగతా గుర్రాలు ఎంత వెనకబడ్డాయోనని కొండవైపు చూస్తూ ఉన్నాడు.