శేషారత్నం చెరపని శుభలేఖలు

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా పళ్ళు రాలిపోవాలి చిట్టితల్లీ. ఉన్నవి రెండేలే.

అనగనగా ఒక ఊళ్ళో, శుభలేఖలు అచ్చువేసే కొట్టులో శేషారత్నం అనే ఆవిడ ఉండేది. ఆవిడ కంప్యూటరు ఎంత నిదానమంటే, మీట నొక్కి, పిండి రుబ్బి, అది పులిసి, ఇడ్లీలు తిని చెయ్యి కడుక్కున్నా తెర మీద బొమ్మ రాదు.

ఆవేళ సాయంత్రానికి నాలుగొందల కార్డులివ్వాలి. ఇవ్వకపోతే పెళ్ళివారు ఎదురుకొట్టు కోటిలింగం దగ్గరికి పోతారు. ఆ తర్వాత ఈవిడ కొట్టుకి తాళమే.

మొదట కోటిలింగం మీద అనుమానపడింది. దిష్టి పెట్టాడని కంప్యూటరుకి నిమ్మకాయ కట్టింది. అది ఇంకాస్త నిదానమైంది.

అప్పుడు పెట్టెలో ఎలుక దూరిందనుకుంది. చెవి ఆనిస్తే గుర్రు గుర్రుమంటోంది మరి.

ఆ తర్వాత కోడలు హైమ మీద పడింది. "సినిమాలేవో దాచి ఉంటావు."

హైమ డిస్కు తెరిచి చూపించింది. పంతొమ్మిదేళ్ళ శుభలేఖలు, గొంతుదాకా.

"ఇవన్నీ ఎందుకత్తయ్యా?"

"శుభలేఖ చెరిపితే ఆ కాపురం ఏమవుతుందే?"

"చెరపను. వేరే డిస్కులో పెడతా. వేరు కాపురం అనుకోండి."

శేషారత్నం రెప్ప వెయ్యకుండా కాపలా కూర్చుంది. హైమ ముందు కంప్యూటరులోని చెత్తబుట్ట ఖాళీ చేసింది. అప్పుడు పాత కార్డులన్నీ కొత్త డిస్కులోకి మార్చింది. పాత డిస్కులో మిగిలినవి ముక్కలు ముక్కలుగా పడున్నాయి: పెళ్ళికొడుకు ఈ మూల, పెళ్ళికూతురు ఆ మూల, ముహూర్తం ఎక్కడో అటక మీద. వాటన్నిటినీ ఒక్కచోట సర్దమని కంప్యూటరుకే చెప్పింది. పప్పు ఉడికేలోగా అది సర్దేసింది.

ఇంక చూస్కో, కార్డులు పిచికల్లా ఎగిరొచ్చాయి. నాలుగొందలూ దీపాలవేళకి పెళ్ళివారి చేతిలో పడ్డాయి.

అయినా శేషారత్నానికి నమ్మకం కుదరలేదు. ఇంత జోరుగా పోతోందంటే ఈ కోడలు ఏదో చెరిపే ఉంటుంది. గబగబా కొత్త డిస్కు తెరిచి కొడుకు పెళ్ళి కార్డు వెతికింది. ఉంది, పసుపు రంగు కూడా పోలేదు.

వెనకనించి హైమ మెల్లిగా అంది, "నా కాపురం నేనే చెరుపుకుంటానా అత్తయ్యా?"

చెత్త గుంటకి, పాతవి పెట్టెకి,
కార్డులు పెళ్ళింటికి, కథేమో కంచికి,
నువ్వు మాత్రం హాల్లోకి.

మీ తాత కంప్యూటరు ఆపాడో లేదో చూసిరా. ఆపానంటే నమ్మకు, పెట్టె ముట్టుకుని చూడు.