దూలం కోసం వదిలిన సందు

పొద్దు గూకింది. వాన సన్నగా పడుతూనే ఉంది. ఫోన్ పక్కన పెట్టు చిన్నీ. అందులోని ఆ రాళ్ళ ఆట ఎట్లా ఆడాలో చెప్పమని పొద్దుటి నుంచీ అడుగుతున్నావుగా, కథలో చెబుతాను. ఊ కొట్టు.

అనగనగా, రాళ్ళు దూదిలా దిగే ఒక ఊరు. దాని పేరు రాలుబండ. ఊరికి ఎగువన ఒక కొండ. కొండ కింద ఒక గొయ్యి. గోతికి అటొక రాతిగోడ, ఇటొక రాతిగోడ. గోడకీ గోడకీ నడుమ పది మూరలు. లోతు ఇరవై మూరలు.

కొండ నుదుటి నుంచి ఒక్కొక్క రాయీ ఊడి గోతిలోకి దిగేది. గాలిలో ఉన్నంతసేపే అది దూది. గట్టు మీద నిలబడి వెదురుగడతో ఇట్లా తడితే తిరిగేది. ఇటు నెడితే ఇటు, అటు నెడితే అటు జరిగేది. అడుగు తగిలిందా, ఇక కొండే. బతిమాలినా కదలదు.

రాళ్ళు ఏడు రకాలు. ఏ రాయి చూసినా నాలుగు ముక్కలు అతికినట్టే ఉండేది. నాలుగు ముక్కలూ కుదురుగా కూర్చుంటే దిమ్మ. నిలువునా నిలబడితే దూలం. చివర వంగినవి కొడవళ్ళు, కుడిదొకటి, ఎడమదొకటి. మెట్టులా జరిగినవి మెట్లు, అవీ రెండు. బల్లపరుపుగా ఉండి నడుమ బొడిపె లేస్తే గూని రాయి.

ఆ గోతిలో నేలకు ఒక గుణం ఉండేది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సందు లేకుండా ఒక వరస నిండితే నేల ఆ వరసను మింగేసేది. అప్పుడు పైవన్నీ ఒక మూర కిందికి దిగేవి. ఒక్క సందు మిగిలినా ముట్టేది కాదు. అన్నంలో రాయి తగిలిన మనిషిలా ఆగిపోయేది.

"మింగకపోతే అమ్మమ్మా?"

మింగకపోతే కుప్ప పెరుగుతుంది. పెరిగి పెరిగి గట్టును అందుకుంటుంది. ఆ తర్వాత వచ్చిన రాయికి గోతిలో చోటుండదు. అది గట్టు దాటి అవతలి పల్లంలోకి దొర్లుతుంది. ఊళ్ళోకి వచ్చే దారి ఆ పల్లంలోనే. ఇంకో దారి లేదు.

అందుకే ఊళ్ళో వంతులుండేవి. రోజుకొక ఇల్లు. ఆ ఇంట్లో ఒక మనిషి పొద్దున గడ పట్టుకుంటే దీపాల వేళకు దించాలి. వంతు నడుమ గడ చేతులు మారకూడదు. ఎవరైనా వచ్చి గడ అందుకున్నారంటే, ఆ మనిషి చేతకానివాడని నలుగురిలో చాటినట్టే.

ఇంకొక ముచ్చట కూడా ఉండేది. నాలుగు వరసలు ఒక్కసారిగా మింగించినవాడికి డప్పు కొట్టేవాళ్ళు. నాలుగు వరసలు ఒక్కసారి పోవాలంటే దూలమే దిగాలి. దూలం దిగాలంటే గోడ పక్కన నిలువునా ఒక మూర సందు వదిలి, తక్కినదంతా పేర్చుకుని కాచుకోవాలి.

ఆ ఊళ్ళో సుంకులమ్మ అని ఒక తల్లి. మొగుడు ఉరుకుందు. కొడుకు మద్దిలేటి, కూతురు ఈరమ్మ. సుంకులమ్మ అత్తను పిల్లలు జేజి అనేవాళ్ళు.

ఆ రోజు వంతు వాళ్ళది. ఆ రోజే సంత. జేజికి కళ్ళమందు కావాలి, ఈరమ్మకు చెప్పులు కావాలి. ఇద్దరినీ వెంటబెట్టుకుని ఉరుకుందు సంతకు బయలుదేరాడు.

"గడ నేను పడతా నాయనా," అన్నాడు మద్దిలేటి. పంతొమ్మిదేళ్ళ వాడు. వాడికి ఇదే మొదటి వంతు.

"పట్టు. మీ అమ్మ పక్కనే ఉంటాదిలే," అన్నాడు ఉరుకుందు.

"అమ్మ యాలకు? నేనేమన్నా పసిపిల్లోన్నా?"

"కాదులే దొరా. మీసం కూడా వచ్చె," అని జేజి నవ్వింది.

పొద్దున మద్దిలేటి బాగానే ఆడాడు. ఎట్లాగంటే, ముందు అడుగును చదునుగా ఉంచాడు. దిమ్మ వస్తే మూలకు నెట్టాడు. గూని రాయి వస్తే బొడిపె కిందికి తిప్పి గుంటలో కూర్చోబెట్టాడు. చేతిలో ఉన్న రాయితో పాటు కొండ నుదుట వేలాడే తర్వాతి రాయినీ చూసుకున్నాడు. అదే ఆట చిన్నీ. చేతిలోది చూడాలి, రాబోయేది చూడాలి, కింద గుంటలు పడకుండా చూడాలి.

ఒక వరస పోయింది. ఆ తర్వాత రెండు వరసలు. గట్టు మీద చేరిన జనం "భలే" అన్నారు.

ఆ "భలే" చెవిలో పడింది వాడికి. అప్పుడు కుడిగోడ పక్కన సందు వదలడం మొదలుపెట్టాడు.

నాలుగు వరసలు పేర్చాడు. కుడిగోడ పక్కన నాలుగు మూరల లోతు సందు. ఇక దూలం ఒక్కటే రావాలి.

మొదట గూని రాయి వచ్చింది. ఎడమ పక్కన పెట్టాడు. కుప్ప పెరిగింది. సుంకులమ్మ చెయ్యి గడ వైపు పోయింది. వెనక్కి తీసుకుంది.

ఆ తర్వాత దిమ్మ వచ్చింది. దాన్నీ ఎడమకే తోశాడు. ఆమె చెయ్యి మళ్ళీ పోయింది. మళ్ళీ తీసుకుంది.

మూడోసారి కొడవలి వచ్చింది. ఇక ఉండలేక మెల్లగా అంది:

"ఒరే, దాన్ని తలకిందులు చేసి సందులోకి దించు. రెండు వరసలన్నా పోతాయి."

"రెండా? దూలమొస్తే నాలుగు. నువ్వు గమ్మునుండుమ్మా, అందరూ సూస్తాండారు."

కొడవలినీ ఎడమకే తోశాడు. అందరూ చూస్తున్నారని ఆమె ఊరుకుంది. చూడు చిన్నీ, కన్నతల్లి. కళ్ళముందు కుప్ప పెరుగుతోంది. గడ అందుకుంటే కొడుకు తల వంగుతుందని ఊరుకుంది.

అప్పుడు వాన మొదలైంది. పొద్దు వాలేకొద్దీ రాళ్ళ దిగుడు జోరందుకుంటుంది, వానకు ఇంకా జోరు. గడ తడిసింది. ఎడమ మెట్టు ఒకటి జారి వచ్చింది. మద్దిలేటి తిప్పేలోపే అది సందు మీద అడ్డంగా కూర్చుంది. సందు నోరు మూసుకుంది.

ఆ వెంటనే కొండ నుదుట కనబడింది, దూలం.

జనంలో ఎవరో నవ్వారు. "వచ్చెరా నీ పెండ్లికొడుకు! పీట యాడుందిరా?"

సుంకులమ్మ గడ లాక్కుంది.

"అందరి ముందరా అమ్మా!"

"జరుగు," అంది. అంతే.

దూలాన్ని అడ్డంగా పడుకోబెట్టింది. డప్పు రాదు. పోతే పోనీ. మూసుకున్న సందును తెరవాలంటే దారి ఒకటే. కింద తవ్వడం కాదు, పైన కప్పిన రాయి ఉన్న వరసలు నిండాలి. అవి నేలలోకి పోతే కప్పు పోతుంది. సందు మళ్ళీ నోరు తెరుస్తుంది. అందుకని సుంకులమ్మ కింద చూడడం మానేసి పై వరసలు నింపడం మొదలుపెట్టింది.

అప్పటికి కుప్పకూ గట్టుకూ నడుమ నాలుగు మూరలే మిగిలాయి.

సంత నుంచి వచ్చే దారి మలుపులో మొదట జేజి కనబడింది. గట్టు మీద జనం "పరిగెత్తవ్వా!" అని అరిచారు. "పరిగెత్తేదానికి నాకు నాలుగు కాళ్ళున్నాయా?" అని తిట్టుకుంటూనే ముసలామె గబగబా దాటింది. ఆ తర్వాత ఈరమ్మ, కొత్త చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో పరిగెత్తుతూ దాటింది. ఉరుకుందు వెనక మూటతో ఎక్కడో ఉన్నాడు.

ఒక వరస నిండింది. నేల మింగింది. రెండోది నిండింది. మింగింది. సందు నోరు తెరుచుకుంది.

సుంకులమ్మ ఊపిరి పీల్చి కొండ వైపు చూసింది. మళ్ళీ దూలమే. నిలువుగా దిగుతోంది. నేరుగా సందులోకి దించితే చాలు, నాలుగు వరసలూ పోతాయి. కుప్ప నాలుగు మూరలు దిగుతుంది. దారికి భయం లేదు.

గడ చాచింది. సందులోకి చూసింది.

సందులో మద్దిలేటి ఉన్నాడు.

గడ పోయిన సిగ్గుతో ఎవరికీ చెప్పకుండా గునపం పట్టుకుని దిగాడు వాడు, కప్పిన రాయిని పెకిలిద్దామని. అడుగు తగిలిన రాయి పెకలదని ఆ ఊళ్ళో ఉయ్యాల్లో పిల్లకు కూడా తెలుసు. వరస మింగుడు పడినప్పుడు కాలు జారి సందులో పడ్డాడు. నాలుగు మూరల లోతు, మూర వెడల్పు. చేతులు పైకెత్తి నిలబడ్డాడు.

"అమ్మా!"

తిప్పే వ్యవధి లేక సుంకులమ్మ దూలాన్ని నిలువునానే ఎడమకు తోసి కుప్ప మీద నిలబెట్టింది. కుప్ప గట్టును తాకింది. అప్పుడు గడను సందులోకి దించింది.

"పట్టుకోరా! ఎక్కు!"

వాడు పట్టుకున్నాడు. ఒక జాన ఎక్కాడు. జారాడు. మళ్ళీ ఎక్కాడు.

కొండ నుదుటి నుంచి దిమ్మ ఊడింది. తిప్పడానికి గడ లేదు. గడకు కొడుకు వేలాడుతున్నాడు.

దిమ్మ దూదిలా దిగి కుప్ప మీద తగిలింది. కొండ అయింది. గట్టు దాటి దొర్లింది.

"ఏమయ్యో! ఎనక్కి పో! ఎనక్కి!"

దారిలో ఉరుకుందు తల పైకెత్తి చూశాడు. వానలో ఆమె మాట వినబడలేదో ఏమో, పిలుస్తోందనుకున్నాడు. చెయ్యి ఊపాడు.

ఊ కొట్టడం ఆపేశావేం చిన్నీ?

"ఆట అయిపోతే మళ్ళీ మొదలుపెట్టచ్చు కదా అమ్మమ్మా?"

ఫోన్లో అయితే పెట్టచ్చు.

ఆ తర్వాత దీపాల వేళయింది. రాళ్ళు ఆగాయి. మర్నాడు ఊరంతా కూడి డప్పును అటక మీద పెట్టేశారు. గడ ఎవరి చేతిలో ఉన్నా సరే, పక్కనున్న మనిషికి సందు కనబడితే అందుకోవచ్చు, అందులో సిగ్గు లేదు అని కట్టడి చేసుకున్నారు. ఇప్పుడా ఊళ్ళో దూలం కోసం ఎవరూ కాచుకోరు. వస్తే వాడుకుంటారు. రాకపోతే కొడవలితో సరిపెట్టుకుంటారు. నువ్వూ అట్లాగే ఆడు. ఒక వరస పోయినా మేలే. నాలుగు పోవాలని కుప్ప పెంచకు.

కథేమో కంచికి,
కాళ్ళేమో ఇంటికి,
వానేమో వాకిట్లో,
లెక్కేమో గుమ్మంలో.

ఆ సాయంత్రం సుంకులమ్మ గుమ్మంలో నిలబడి ఇంటికొచ్చినవాళ్ళను లెక్కపెట్టింది. ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి పైకే లెక్కపెట్టింది.

జేజి, ఒకరు.

ఈరమ్మ, ఇద్దరు.

మద్దిలేటి, ముగ్గురు.

వాకిట్లోకి చూసింది. మళ్ళీ మొదటి నుంచీ లెక్కపెట్టింది.

జేజి, ఒకరు. ఈరమ్మ, ఇద్దరు. మద్దిలేటి, ముగ్గురు.